మీట నొక్కగానే పలకాలి

శ్రోతలకు నమస్కారం.

ఈ నమస్కారం మీలో కొందరికి ఇప్పుడే చేరింది, కొందరికి ఇంకా చేరలేదు. ట్రాన్సిస్టరు పెట్టుకున్నవారికి నా నోట మాట రాగానే వినిపించింది. ఇదే ప్రసారాన్ని ఇంటర్నెట్‌లో పెట్టుకున్నవారికి పది సెకన్లకో ఇరవై సెకన్లకో గాని వినిపించదు. రెండూ ఒకే ఇంట్లో ఉంటే వంటింట్లో అయిపోయిన వాక్యం హాల్లో మళ్లీ మొదలవుతుంది. ఇవాళ ఆ రెండో రేడియో గురించి, అంటే ఇంటర్నెట్ రేడియో గురించి మాట్లాడతాను. ఇంట్లో దాన్ని వినడానికి ఏ పరికరం కొనాలి, ఏది కొననక్కర్లేదు, కొనేముందు ఏం చూసుకోవాలి అన్నది విషయం.

ఈ ధ్యాస నాకు మా అమ్మ వల్ల పట్టింది. అమ్మ తెనాలిలో ఉంటుంది. ఆవిడ పుట్టింది 1948లో. విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది ఆ ఏడాది డిసెంబరు 1న. ఇద్దరిదీ ఒకే వయసు. పొద్దున్నే భక్తిరంజనితో పొయ్యి వెలిగేది, వార్తల వేళకు కాఫీ దిగేది, పాడిపంటల వేళకు రాత్రి వంట సగమయ్యేది. గోడ గడియారం ఆగినా మా ఇంట్లో పనులు ఆగేవి కావు గాని, రేడియో మూగబోతే అన్నీ అస్తవ్యస్తమయ్యేవి.

కొన్నేళ్లుగా ఆ రేడియోలో గరగర ఎక్కువైంది. విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ దగ్గర వచ్చేది. ముల్లు అక్కడే ఉండేది, మాట మాత్రం రొదలో మునిగిపోయేది. తప్పు ట్రాన్సిస్టరుది కాదు. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు ఇంట్లోకి వచ్చాక వాటి లోపలి సర్క్యూట్ల నుంచి పుట్టే విద్యుత్ రొద మీడియం వేవ్ మీద పడుతుంది. వంటింటి బల్బు ఆపితే మాట తేలేది, వేస్తే మునిగేది. చీకట్లో వంట చెయ్యమని అమ్మకు చెప్పలేను కదా. అందుకని ఇంటర్నెట్ రేడియో పెట్టిద్దామనుకున్నాను.

ముందు అసలు ఇది ఎలా పనిచేస్తుందో రెండు మాటలు. ఇంటర్నెట్‌లో ప్రసారం 1990ల ప్రయోగం. 1993లో కార్ల్ మాలముడ్ అనే అమెరికన్ ఇంటర్నెట్ ద్వారా మాటల కార్యక్రమాలు పంపిణీ చెయ్యడం మొదలుపెట్టాడు. 1994 నవంబరులో నార్త్ కరొలైనాలోని డబ్ల్యూఎక్స్‌వైసీ అనే విద్యార్థుల రేడియో నిలయం తన ప్రసారాన్ని ఇంటర్నెట్‌లోనూ వినిపించింది. ఇవాళ ఆకాశవాణి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో రెండు వందలకు పైగా కేంద్రాలు వినవచ్చు. కడప వినాలంటే కడప జిల్లాలో ఉండక్కర్లేదు.

స్టూడియోలో మాట్లాడిన మాటను ఒక కంప్యూటరు కుదించి, చిన్న చిన్న పొట్లాలు కట్టి పంపుతుంది. మన పరికరం ఆ పొట్లాలను కొన్ని సెకన్లపాటు పోగుచేసుకుని, అప్పుడు విప్పి వినిపిస్తుంది. దారిలో ఒక పొట్లం ఆలస్యమైనా మాట తెగకుండా ఉండటానికే ఈ ముందు నిల్వ. ధాన్యం గాదెలో ఉంటే ఒకరోజు బండి రాకపోయినా ఇంట్లో అన్నానికి లోటుండదు, అలాంటిదన్నమాట. ఇందాక చెప్పిన ఆలస్యంలో ఎక్కువ భాగం ఇదే. అందుకే ఇంటర్నెట్ రేడియోలో వినిపించే సమయ సూచికను బట్టి గడియారం సరిచేసుకోకండి.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. మీడియం వేవ్‌లో కష్టమంతా కేంద్రం నుంచి ఊరి దాకా ఉండేది. పగలు తరంగం నేల వెంట కొంత దూరమే పోతుంది, రాత్రి పైన అయానో ఆవరణం నుంచి తిరిగి పడి ఎక్కడెక్కడో వినిపిస్తుంది. ఇంటర్నెట్‌లో విజయవాడ నుంచి అమెరికాలోని డాలస్ దాకా దూరం లెక్కలోకే రాదు. కష్టమంతా మన రౌటర్ నుంచి మన వంటింటి దాకా ఉండే చివరి ఇరవై అడుగులది. పరికరం కొనేవాళ్లు మరిచిపోయేది ఈ ఇరవై అడుగులనే.

అమ్మకు నేను మొదట ఇచ్చింది ఫోన్. నేను వాడి పక్కన పెట్టిన పాత ఫోన్‌లో రేడియో యాప్ వేసి, దానికో చిన్న బ్లూటూత్ స్పీకర్ కలిపి ఇచ్చాను. డబ్బు పెద్దగా ఖర్చు కాలేదు. ధ్వని బాగుంది. వారం తర్వాత ఫోన్ చేసి అడిగితే, “అది నువ్వొచ్చినప్పుడు వేసుకుందాంలేరా” అంది. సంగతేమిటని వెళ్లి చూశాను. ఫోన్ తియ్యాలి, తెరవాలి, యాప్ వెతకాలి, మధ్యలో వచ్చే ప్రకటన ముయ్యాలి, స్పీకర్ వెయ్యాలి, రెండూ కలిశాయో లేదో చూడాలి. ఆరు పనులు. ట్రాన్సిస్టరుకు ఒకటే పని, మీట తిప్పడం. చేతికి పిండి అంటుకున్న మనిషి ఆరు పనులు చెయ్యదు.

ఆ రోజు నాకు అసలు సంగతి బోధపడింది. నేను ధర చూశాను, ధ్వని చూశాను, అమ్మ చెయ్యి చూడలేదు. కాబట్టి పరికరం ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్న ఎంతకు వస్తుందన్నది కాదు. ఎవరు వింటారు, ఏ గదిలో, ఏ పని చేసుకుంటూ వింటారు అన్నది. దీనికి జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఇప్పుడు ఒక్కో రకం చూద్దాం.

పాత ఫోనో టాబ్లెట్టో వాడటం అన్నిటికన్నా చవక మార్గం. ఫోన్ చేతిలో ఉండటమే అలవాటైన వాళ్లకు ఇది చాలు. న్యూస్ ఆన్ ఎయిర్ ఒక్కటే కాదు, ట్యూన్ఇన్ లాంటి యాప్‌లలో ప్రపంచంలోని నిలయాలెన్నో దొరుకుతాయి. 2016లో నెదర్లాండ్స్‌లో మొదలైన రేడియో గార్డెన్‌లో భూగోళం బొమ్మ తిప్పుతూ, దాని మీది ఆకుపచ్చ చుక్క తాకితే ఆ ఊరి రేడియో పలుకుతుంది. పిల్లలకు భూగోళ పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి పనిముట్టు నేను చూడలేదు. ఫోన్ వాడేటట్టయితే ఒక జాగ్రత్త. రోజూ మాట్లాడే ఫోన్‌ను రేడియోగా పెట్టకండి. కాల్ వస్తే పాట ఆగుతుంది, మెసేజ్ వస్తే వార్తల మధ్య టింగుమంటుంది. సిమ్ తీసేసిన పాత ఫోన్‌ను వైఫై మీద, ఒక చోట, రేడియో పనికే కట్టెయ్యండి. ఫోన్‌కు గుండ్రటి ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంటే బ్లూటూత్ బదులు తీగతోనే స్పీకర్‌కు కలపండి. మూడున్నర మిల్లీమీటర్ల ఆక్స్ తీగ తక్కువ డబ్బుకే వస్తుంది, కలిసిందా లేదా అన్న బాధ ఉండదు.

రెండోది, మాట వినే స్మార్ట్ స్పీకర్. చేతులు ఖాళీ లేనివాళ్లకూ, చూపు సరిగా లేనివాళ్లకూ ఇది నిజంగా వరమే. పేరు పెట్టి పిలిచి వివిధభారతి వెయ్యమంటే వేస్తుంది. మంచం మీద నుంచి లేవలేని మనిషికి అది చేసే సాయం మాటల్లో చెప్పలేం. కాని మన ఇళ్లలో ఒక చిక్కుంది. ఈ స్పీకర్లు ఇంగ్లీషు, హిందీ అర్థం చేసుకున్నంతగా తెలుగు అర్థం చేసుకోవు. అమ్మ “విజయవాడ కేంద్రం పెట్టు” అంటే అది ఇంకేదో పాట వేసింది. నాలుగోసారి అమ్మ మాట్లాడటం మానేసింది. పైగా పిలుపు కోసం దాని మైకు ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంటుంది. అక్కర్లేనప్పుడు ఆ మైకు ఆపే మీట దానికే ఉంటుంది, దాన్ని ఇంట్లో అందరికీ చూపించి పెట్టాలి. మీ ఇంట్లో వినేవారు ఇంగ్లీషో హిందీయో తడుముకోకుండా మాట్లాడేవారైతే ఇది మంచి ఎంపిక. లేకపోతే కొనేముందు వాళ్ల చేతే, వాళ్ల గొంతుతోనే ఒకసారి పిలిపించి చూడండి.

మూడోది అచ్చంగా దీని కోసమే చేసిన వైఫై రేడియో. చూడటానికి పాత రేడియోలాగే ఉంటుంది. గుండ్రటి మీట, చిన్న తెర, కింద వరసగా ఒకటి, రెండు, మూడు అని అంకెలున్న బటన్లు ఉంటాయి. సాంజీన్, రాబర్ట్స్, ప్యూర్ లాంటి పేర్లతో విదేశాల్లో ఎక్కువగా వాడతారు. మన దగ్గర వీధి చివరి కొట్టులో దొరకడం అరుదు, ఎక్కువగా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ధరలో ఫోన్ పద్ధతికన్నా చాలా ఎక్కువ. కాని ఒకసారి అమర్చితే ఒకటో బటన్ విజయవాడ, రెండోది వివిధభారతి, మూడోది హైదరాబాదు. నొక్కితే చాలు. చివరికి అమ్మ వంటింట్లో నిలిచింది ఇదే.

దీన్ని కొనేవాళ్లు మాత్రం మూడు సంగతులు గట్టిగా చూసుకోవాలి. ఈ మూడూ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండవు.

ఒకటి, ఇంటర్నెట్‌లో నిలయాలు ప్రసారం పంపే పద్ధతి. పాతకాలం పద్ధతి కుళాయి ధారలాంటిది, ఎడతెగకుండా వస్తుంది. కొత్త పద్ధతిలో ధ్వనిని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి ఒకదాని వెనక ఒకటి పంపుతారు. దాని పేరు హెచ్ఎల్ఎస్. ఆకాశవాణి కేంద్రాల ఇంటర్నెట్ ప్రసారాలు ఎక్కువగా ఈ పద్ధతిలోనే వస్తాయి. పాత తరం వైఫై రేడియోలు చాలావాటికి ఈ ముక్కలు అతికించడం రాదు. వాటిలో లండన్ పలికినా విజయవాడ పలకకపోవచ్చు. వాడిన రేడియో చవగ్గా వస్తోందని కొనేవాళ్లు ఇక్కడే మోసపోతారు. కాబట్టి కొట్లో ఉండగానే మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు ఆ రేడియో కలిపి, మీరు రోజూ వినే మూడు నిలయాలూ పలికించి చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులో చూసుకుని, వచ్చిన రోజే ఈ పరీక్ష చెయ్యండి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే రేడియో అయితే అది 230 వోల్టులకు పనికొస్తుందో లేదో అడాప్టర్ మీద చదివించి మరీ తెప్పించుకోండి.

రెండు, నిలయాల పట్టిక ఎవరి చేతిలో ఉంది అన్నది. ట్రాన్సిస్టరు ఎవరినీ అడగదు, గాలిలో తరంగం ఉంటే పట్టుకుంటుంది. వైఫై రేడియో అలా కాదు. మీరు బటన్ నొక్కగానే అది ఎక్కడో ఉన్న ఒక సర్వర్‌ను “ఫలానా నిలయం చిరునామా ఏమిటి” అని అడుగుతుంది. ఆ సర్వర్ నడిపే సంస్థ తలుపులు మూసేస్తే రేడియోకి చిరునామా చెప్పే దిక్కుండదు. ఇది ఊహ కాదు. రెసివా అనే సంస్థ పట్టిక మీద ఆధారపడి ఎన్నో కంపెనీలు రేడియోలు చేశాయి. 2021లో ఆ సేవ ఆగిపోయింది. స్పీకర్ బాగుంది, తెర వెలుగుతోంది, నిలయం మాత్రం దొరకదు. మా ఇంట్లో కూడా, వేరే సంస్థ పట్టిక మారినప్పుడు, అమ్మ రేడియోలోని బటన్లన్నీ ఒక్కరోజులో ఖాళీ అయ్యాయి. ఆ ఉదయం అమ్మ ఫోన్ చేసి, “ఏరా, దీని నోరు పడిపోయింది” అంది. నేను వెళ్లి మళ్లీ ఒక్కొక్కటీ నింపి వచ్చేదాకా ఆ ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

దీనికి విరుగుడు కూడా ఉంది. లాజిటెక్ సంస్థ స్క్వీజ్‌బాక్స్ అనే పరికరాలు అమ్మేది. 2012లో వాటి తయారీ ఆపేసింది, 2024లో వాటి సర్వర్ కూడా మూసేసింది. అయినా అవి ఇవాళ్టికీ చాలా ఇళ్లలో పలుకుతున్నాయి. కారణం, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులో ఉండటం, వాడేవాళ్లే దాన్ని చేతుల్లోకి తీసుకుని లిరియన్ అనే పేరుతో కాపాడుకోవడం. ఇందులో మనకున్న పాఠం చిన్నదే. నిలయం ఇంటర్నెట్ చిరునామాను మనమే చేత్తో రాసి చేర్చుకునే వీలు ఉన్న రేడియోనే కొనండి. దానితోపాటు ఆక్స్ రంధ్రమూ బ్లూటూతూ కూడా ఉండాలి. రేపు ఏ పట్టిక మూతపడినా, పాత ఫోన్ ఒకటి తగిలిస్తే అదే పెట్టె మళ్లీ పలుకుతుంది. ఎఫ్ఎం కూడా ఉంటే మరీ మంచిది, ఇంటర్నెట్ పోయిన రోజున ఊళ్లో ఎఫ్ఎం అయినా వినిపిస్తుంది.

మూడు, బటన్లు. తెర మీద వేలితో తాకితే పనిచేసేవి కాదు, వేలికి తగిలే బటన్లు కావాలి. కొన్ని రేడియోల్లో నలభై నిలయాలు దాచుకోవచ్చని గొప్పగా రాస్తారు. అవి మెనూలో నాలుగు మెట్లు దిగితే గాని కనబడవు. నలభై అక్కర్లేదు. చీకట్లో తడిమి నొక్కగలిగే నాలుగు బటన్లు ఉంటే చాలు.

ఇవి కాక నాలుగో మార్గం ఒకటి ఉంది, సొంతంగా చేసుకోవడం. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ మీద వాల్యూమియో లాంటి సాఫ్ట్‌వేర్ వేసి, మీ దగ్గరున్న పాత యాంప్లిఫయర్‌కు కలిపితే ఇంటర్నెట్ రేడియో తయారవుతుంది. అటక మీద మంచి చెక్క స్పీకర్లు పడి ఉన్నవాళ్లకూ, ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలున్నవాళ్లకూ ఇది మంచి సెలవుల పని. అయితే చేసినవారు చదువుకు వేరే ఊరు వెళ్లిపోతే, పాడైనప్పుడు చూసేవారెవరో కూడా ముందే ఆలోచించుకోవాలి.

ఇక ధ్వని సంగతి. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

డబ్బా మీద వెయ్యి వాట్లు అని ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో పీఎంపీఓ అని ఉంటుంది. ఆ అంకె నమ్మకండి. స్పీకర్ నిలకడగా ఎంత శక్తితో పలకగలదో చెప్పేది ఆర్ఎంఎస్ అనే అంకె. మామూలు పది పన్నెండు అడుగుల గదిలో రేడియో వినడానికి ఐదు నుంచి పది వాట్ల ఆర్ఎంఎస్ ఉంటే సరిపోతుంది. వీధి మొత్తానికి వినిపించాలంటేనే అంతకు మించి కావాలి, వీధికి మన భక్తిరంజని అక్కర్లేదు.

వాట్లకన్నా ముఖ్యమైనది స్పష్టత. ఇవాళ మార్కెట్లో చాలా స్పీకర్లు సినిమా పాటల దరువు కోసం చేసినవి. బేస్ దంచుతాయి. రేడియోలో మనం వినేది ఎక్కువ భాగం మనిషి గొంతు. వార్తలు, నాటకం, హరికథ, ఉపన్యాసం. ఉషశ్రీ గారి రామాయణ, భారత ఉపన్యాసాలకు ఊళ్లకు ఊళ్లు చెవులు అప్పగించిన రోజుల్లో మా ఇంట్లో ఉన్నది అరచేతంత స్పీకరున్న రేడియో. అందులో ఒక్క అక్షరం పోయేది కాదు. గొంతుకు నిండుదనం ఇచ్చేది బేస్ అనే కింది స్థాయి ధ్వని, మాటకు అర్థం ఇచ్చేది ట్రెబుల్ అనే పై స్థాయి ధ్వని. హల్లుల తేడాలు ఎక్కువగా ఆ పై స్థాయిలోనే ఉంటాయి. ‘కల’ అన్నారో ‘తల’ అన్నారో తెలిసేది అక్కడే.

వయసు మీద పడ్డాక చెవి మొదట పోగొట్టుకునేది కూడా ఆ పై స్థాయినే. అందుకే పెద్దవాళ్లు “వినబడుతోంది గాని అర్థం కావడం లేదు” అంటారు. అది నూటికి నూరుపాళ్లు నిజం. అప్పుడు మనం వాల్యూమ్ పెంచుతాం. దరువు పెరుగుతుంది, మాట అలాగే మసగ్గా ఉంటుంది. చెయ్యాల్సింది అది కాదు. బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచాలి. అమ్మ రేడియోలో నేను చేసిన పనుల్లో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే, దీనికి పైసా ఖర్చు కాలేదు. అందుకే బేస్, ట్రెబుల్ విడివిడిగా మార్చుకునే వీలు ఉందా లేదా అన్నది కొనేముందు తప్పక అడగండి.

స్పీకర్ పెట్టే చోటు కూడా ధ్వనిని మారుస్తుంది. గూట్లో వెనక్కి తోసి పెడితే మాట గుమ్మటంలో పలికినట్టు ఉంటుంది. గది మూల పెడితే బేస్ ఉబ్బుతుంది. గోడకు జానెడు ఎడంగా, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో, ముఖం మన వైపు తిప్పి పెట్టండి. పొయ్యికి, సింకుకు దూరంగా ఉంచండి. నూనె ఆవిరి స్పీకర్ రంధ్రాలకు పడితే ధ్వని కొన్నాళ్లకు బొంగురుపోతుంది. కచేరీలు శ్రద్ధగా వినేవారికి మాత్రం ఒక పెట్టె చాలదు. తంబురా శ్రుతి, మృదంగం ఎడమవైపు గంభీర నాదం విడివిడిగా వినాలంటే హాల్లో రెండు స్పీకర్లు, మధ్య ఐదారు అడుగుల ఎడంతో పెట్టుకోవాలి.

ఇంకో సంగతి. ఎంత ఖరీదైన స్పీకరైనా నిలయం పంపినదాన్నే వినిపిస్తుంది. ఎంపీ3 పద్ధతిలో సెకనుకు 128 కిలోబిట్ల ప్రసారం పాటలకు బాగుంటుంది. కొత్త ఏఏసీ పద్ధతిలో అందులో సగంతోనే మాటలకు సరిపడా నాణ్యత వస్తుంది. డేటా లెక్క కూడా చెబుతాను. 128 కిలోబిట్ల ప్రసారం గంటకు 58 ఎంబీ దాకా తీసుకుంటుంది. రోజుకు ఐదు గంటలు వింటే నెలకు 8.6 జీబీ. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు ఇది పెద్ద బరువు కాదు. మొబైల్ డేటా మీద వినేవాళ్లు మాత్రం ఈ లెక్క మనసులో పెట్టుకోవాలి. పాటల కోసం స్మార్ట్ టీవీ వేసి ఉంచేవారికి ఒక్క మాట. రేడియోకు నాలుగైదు వాట్లు సరిపోయే చోట టీవీ తెర దానికి ఎన్నో రెట్లు కరెంటు కాలుస్తుంది.

ఇక ఆ చివరి ఇరవై అడుగులు. చాలా ఇళ్లలో రౌటర్ వీధి గది మూల, తలుపు వెనక ఉంటుంది. తీగ వేసిన అబ్బాయికి అక్కడే సులువు. వంటింటికి మధ్యలో రెండు ఇటుక గోడలు, ఒక ఇనప బీరువా. వైఫైలో రెండు దారులున్నాయి. 5 గిగాహెర్ట్జ్ దారి వేగం ఎక్కువ, గోడలు దాటే బలం తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ దారి వేగం తక్కువ, దూరం ఎక్కువ. రేడియోకు వేగంతో పని లేదు, దాన్ని 2.4లోనే కలపండి. వైఫై రేడియోలు కొన్నిటికి ఆ ఒక్క దారే తెలుసు కూడా. అయితే మైక్రోవేవ్ ఒవెన్ పనిచేసేది ఆ దగ్గరలోనే, రెండిటినీ పక్కపక్కన పెట్టకండి. వీలైతే రౌటర్‌ను ఇంటి నడిమికి, మనిషి ఎత్తుకు జరిపించండి. కొత్త రేడియో కొనడానికి ముందు ఈ పని చేసి చూడండి, చాలాసార్లు మాట తెగడం దీనితోనే పోతుంది.

వైఫై పాస్‌వర్డ్ కూడా ఆలోచించి పెట్టుకోండి. గుండ్రటి మీట తిప్పుతూ ఒక్కొక్క అక్షరం ఎక్కించడం ఓపిక పరీక్షే. చిత్రమైన గుర్తులు ఇరికించే బదులు, బయటివారు ఊహించలేని నాలుగైదు మామూలు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకుంటే భద్రతకు భద్రత, చేతికి సుఖం.

కరెంటు పోతే రౌటర్ ఆగుతుంది, రౌటర్ ఆగితే రేడియో ఆగుతుంది. రౌటర్ కోసం చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. మీ రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి, వాటికి సరిపోయేదే కొనండి. రేడియోలోనూ బ్యాటరీ ఉంటే కరెంటు పోయిన వేళ కూడా వార్తలు ఆగవు.

అయితే ఒక మాట మనస్ఫూర్తిగా చెప్పాలి. ఇన్ని ఏర్పాట్లు చేసినా పాత ట్రాన్సిస్టరు పారెయ్యకండి. మాది దివిసీమకు దూరం కాని ఊరు. 1977 నవంబరులో ఆ సీమను ముంచిన ఉప్పెన మాట మా ఇంట్లో ఇప్పటికీ గొంతు తగ్గించే చెప్పుకుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు కరెంటు స్తంభాలు ఒరిగాయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున ఇంటర్నెట్ రేడియోకు కావలసిన తీగ, టవరు, రౌటర్, సర్వర్ అన్నీ ఒక్కసారే లేకుండా పోతాయి. రెండు సెల్లుల ట్రాన్సిస్టరుకు దూరాన ఒక ప్రసార స్తంభం నిలబడి ఉంటే చాలు. సముద్రం ఒడ్డున ఉండేవారు మరీ ముఖ్యంగా దాన్ని, కొత్త సెల్లులను దగ్గర పెట్టుకోండి. సెల్లులు విడిగా ఉంచండి, లోపల వదిలేస్తే కారిపోయి రేడియోను తినేస్తాయి.

ఇప్పుడు అమ్మ వంటింట్లో రెండు రేడియోలున్నాయి. కిటికీ పక్క మేకుకు ట్రాన్సిస్టరు, బల్ల మీద వైఫై రేడియో. ఒకటో బటన్ మీద నేను కుంకుమరంగు బొట్టు స్టిక్కరు అంటించాను. అమ్మ కళ్లద్దాలు పెట్టుకోకుండానే దాన్ని తాకి నొక్కుతుంది.

మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. ఎండాకాలంలో తెనాలిలో పొద్దున్న ఆరైతే అక్కడ ముందు రోజు సాయంత్రం ఏడున్నర. దాని దగ్గర ఉన్నది ఫోన్, తీగతో కలిపిన స్పీకరు, అంతే. దానికి అది చాలు. అమ్మ ఇక్కడ పొద్దుటి దీపం పెట్టే వేళకు అది అక్కడ సందె దీపం పెడుతుంది. ఇద్దరి ఇళ్లలోనూ ఒకే గొంతు పాడుతూ ఉంటుంది. పరికరాలు వేరు, ధరలు వేరు. ఎవరి చేతికి ఏది నప్పిందో అదే వాళ్లకు మంచి రేడియో.

కాబట్టి శ్రోతలారా, కొత్త రేడియో ఇంటికి తెచ్చిన రోజున ఒక్క పరీక్ష పెట్టండి. అన్నీ అమర్చాక మీరు గదిలోంచి బయటికి వచ్చెయ్యండి. ఇంట్లో అందరికన్నా పెద్దవారిని లోపలికి వెళ్లి, తమకు ఇష్టమైన కార్యక్రమం పెట్టుకోమనండి. ఎవరూ చెప్పకండి, ఎవరూ సాయం చెయ్యకండి. తలుపు అవతల నుంచి పాట వినిపిస్తే మీరు సరైనదే కొన్నారు. “ఒకసారి ఇటు రా” అన్న పిలుపు వినిపిస్తే, ఆ పరికరం ఎంత గొప్పదైనా ఆ ఇంటికి ఇంకా రేడియో రాలేదన్నమాట.